మేఘం పాఠంలో లేదు

పటాల గది దినచర్య. రాస్తున్నది: సుభాషిణి, భూగోళం పంతులమ్మ, చక్రం నాలుగో వీధి.

దిగడానికి పదకొండు రోజులు

ఉదయం గది తుడిచాను. పటాల మీద మళ్ళీ చెమ్మ పట్టింది. పక్క గదిలో ఆకుకూరల మళ్ళకు నీళ్ళు ఎక్కువైనప్పుడల్లా ఇంతే. ఆ మళ్ళు చూసేది మా ఆయన వీరభద్రం గారే కాబట్టి ఎవరి మీద కోప్పడాలో వెతుక్కోనక్కర్లేదు. రెండు వందల పద్నాలుగు పటాలు. ఒక్కొక్కటీ పొడిగుడ్డతో అద్దాలి, రుద్దకూడదు.

చిన్న తరగతి వచ్చింది. పటం ముందు నిలబెట్టి "ఏం కనబడుతోంది?" అంటే పదకొండు మందీ ఒక్కసారే "తెల్లగా మేఘం" అన్నారు. "మేఘం తీసెయ్యండి" అన్నాను. కళ్ళతో తీసెయ్యడం అన్నమాట. ఇవి పాతకాలపు వ్యోమగాములు కిటికీకి ముఖం ఆనించి తీసిన ఫోటోలు. మేఘం తొలిగేదాకా ఆగే తీరిక వాళ్ళకు లేదు. మేఘం ఆ పూటకు వచ్చి పోయేది, నేల ఉండేది. నేలనే చదవాలి. మేఘం పాఠంలో లేదు. ఇది మా గురువుగారు నాకు చెప్పిన మాట, ఆయనకు ఆయన గురువుగారు చెప్పిన మాట.

తర్వాత నది పాఠం. నీళ్ళు ఎటు పారుతున్నాయో ఎలా తెలుస్తుంది? సముద్రంలోకి మట్టిరంగు ఎక్కడ ఒలికిందో అక్కడ నది నోరు. పిల్లలు ఇట్టే పట్టేశారు. మా కిటికీల్లోంచి చూస్తే భూమి డెబ్బై ఏళ్ళుగా బూడిద ముద్దే. నేలంటూ కంటితో చూసినవాళ్ళు ఆకాశంలో భూమి చుట్టూ తిరిగే ఈ చక్రంలో ఒక్కరూ మిగల్లేదు. అయినా మా పిల్లలు నది చదవగలరు. నాకు గర్వమే, దాచుకోను.

మధ్యాహ్నం ముప్ఫై ఒకటో పటం, ముప్ఫై రెండో పటం తీసి పక్కపక్కన పెట్టమని సంఘం నుంచి కబురు. పడవను భూమికి సాగనంపే ముందు జనం వచ్చి చూస్తారట. ఈ దినచర్య పరాయివాళ్ళు ఎవరైనా చదివితే (ఎవరూ లేరు, కానీ రాసే అలవాటు) వాళ్ళకోసం ఒక ముక్క రాయాలి. ఇక్కడ "మీదే ఊరు?" అని అడిగితే పటం అంకె చెప్తాం. ఇంటికొక పటం, తాతలు భూమి మీద వదిలొచ్చిన చోటు; అమ్మానాన్నలవి వేరైతే పిల్లలు పన్నెండో ఏట ఒకటి ఎంచుకుంటారు. మా పుట్టింటిది ముప్ఫై ఒకటి, ఎడమ గోదావరి. సముద్రం మీంచి చూస్తే నది నోటికి ఎడమపక్కన ఇసుకమేట కొక్కెంలా వంగి ఉంటుంది. దాని వెనక సముద్రం చెరువులా నిలిచిపోయి ఉంటుంది. మా ఆయనది ముప్ఫై రెండు, కుడి గోదావరి. అక్కడా నది, అక్కడా కొక్కెం, కాకపోతే కుడిపక్కన.

భూమి మీద ఏది ఎక్కడుందో కొలిచి రాసిన లెక్కల పుస్తకంలో గోదావరి నోరు ఒక్కటే ఉంది. అది మాదని మేం, మాదని వాళ్ళు. తా పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఎడమవాళ్ళు కుడివాళ్ళకు పిల్లనివ్వరు. మా నాన్న ఇచ్చాడు, దానికి మా పెదనాన్న ఏడాదిపాటు ఆయనతో మాట్లాడలేదు. బూడిద పలచబడింది, మనుషులు దిగొచ్చు అని తేలాక, ఏ గోదావరిని నమ్మి దిగాలో ఎంతకూ తెమలక చివరికి చీటీ వేశారు. ఎడమ వచ్చింది.

భూమికి దిగే పడవ నడిపేది మా అమ్మాయి తరళ. వెంట నలుగురు. లెక్క వాళ్ళను సముద్రం మీదిదాకా తీసుకెళ్తుంది. మబ్బు కిందికి వచ్చాక ఉండేది నాలుగు నిమిషాలు, అక్కడినుంచి కళ్ళే దిక్కు. నది నోరు కనబడగానే ఎడమకు తిప్పి, కొక్కెం వెనక నిలిచిన నీళ్ళలో వాలాలి. రెండోపక్క అంతా పెద్ద అలలు, పడవ ముక్కలవుతుంది. మూడేళ్ళు నేనే ఈ పటం ముందు కూర్చోబెట్టి నేర్పాను. ఇప్పుడు మట్టిరంగు కనబడితే చాలు, ఆలోచించకుండానే దాని చెయ్యి ఎడమకు పోతుంది.

దిగడానికి పది రోజులు

ఒక పిచ్చి సంగతి. ముప్ఫై రెండో పటం మీద తెల్లటి మరక ఉంటే చెమ్మ అనుకుని అద్దాను. పోలేదు. దగ్గరికి వెళ్ళి చూస్తే అది మేఘం. కొరికిన అట్టులా ఉంది, ఒకపక్క పంటిగాటు, కింద రెండు తునకలు. నలభై ఏళ్ళుగా ఈ గదిలో ఉన్నాను, దాన్ని ఎప్పుడూ చూడలేదు. చూడకూడదనే కదా నేర్చుకున్నాను.

తర్వాత ముప్ఫై ఒకటి అద్దాను. అందులోనూ కొరికిన అట్టు. అదే పంటిగాటు, అవే రెండు తునకలు, కాకపోతే గాటు రెండోపక్కన.

రెండు నదులకు పోలికలు ఉండొచ్చు. రెండు ఇసుకమేటలు ఒకేలా వంగొచ్చు. కానీ రెండు ఊళ్ళ మీద ఒకే మేఘమా? ఇంటికి పోయి మొహం చూసుకునే అద్దం తెచ్చి ముప్ఫై ఒకటికి ఎదురుగా పట్టాను. అద్దంలో ముప్ఫై రెండు కనబడింది.

ఆ అద్దం పట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. మా ఆయన ఆకుకూర బుట్టతో వచ్చి చూశారు.

"మేఘం తీసెయ్యి తీసెయ్యి అని ఊరంతా పాఠం చెప్తావు, ఇప్పుడు నువ్వే దాన్ని పట్టుకు వేలాడుతున్నావేంటి?"

"రెండూ ఒకటే పటమండీ" అన్నాను.

ఆయన అద్దంలోకి చూసి, గోడమీదికి చూసి, బుట్ట కింద పెట్టారు. "అయితే మనది ఒకే ఊరా?" అన్నారు. ముప్ఫై ఏళ్ళ కాపురంలో ఆయనకు వెక్కిరింపు తోచకపోవడం ఇదే మొదటిసారి.

దిగడానికి తొమ్మిది రోజులు

ఫిల్ము డబ్బా తీశాను. గోడ మీదున్న పటాలన్నీ మొదటితరం వాళ్ళు ఈ ఫిల్ము ముక్కల నుంచి అచ్చు వేసినవే. ముప్ఫై ఒకటికి ముక్క ఉంది. ముప్ఫై రెండుకు లేదు. అది పోయిందని అందరికీ తెలుసు. "మీ ఊరికి ఫిల్మే లేదు పోండి" అని కుడివాళ్ళను ఏడిపించడం మా చిన్నప్పటి ఆట. నేనూ ఏడిపించాను, పెళ్ళయ్యాక కూడా.

పోవడం కాదు. ఉన్నదే ఒకటి. ఎవరో దాన్ని ఒకసారి ఇటునుంచి, ఇంకోసారి అటు తిప్పి అచ్చు వేశారు. అంకెలు వేసినవాళ్ళు రెండు ఊళ్ళనుకున్నారు.

మరి ఏ పక్క ముందు? ముక్క వెలుతురుకు పట్టి చూశాను. ఒకపక్క నున్నగా మెరుస్తోంది, ఇంకోపక్క మసకగా ఉంది. ఏది దేనికి గుర్తో చెప్పేవాళ్ళు లేరు. అంచుల మీద ఏదైనా రాసి ఉండేదేమో. చట్రాల్లో పట్టడానికి అంచులన్నీ కత్తిరించేశారు. ఈ ఫోటోల్లో పైభాగం ఉత్తరమని కూడా లేదు. ఆ వ్యోమగామి ఎలా తేలుతూ తీశాడో అలా వచ్చింది బొమ్మ. ఇటు చూస్తే ఎడమ గోదావరి. తిప్పితే కుడి గోదావరి. రెండూ నిజంలాగే ఉన్నాయి. తిప్పి తిప్పి చివరికి ఏ పక్క చూస్తున్నానో కూడా మరిచిపోయాను.

నిజం రాయాలి కదా. ఎడమదే నిజం కావాలని మొక్కుకున్నాను. ఊరి కోసం కాదు, తరళ చెయ్యి కోసం.

దిగడానికి ఎనిమిది రోజులు

సంఘం పెద్ద సోమయాజులు గారికి చెప్పాను. ఆయనదీ ఎడమే. అద్దం పట్టి చూపిస్తే ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు.

"చూడమ్మా, చీటీ వేశాం. ఊరంతా ఒప్పుకున్నారు. ఇప్పుడు నువ్వొచ్చి మేఘం సాక్ష్యం చెప్పిందంటే ఏమనుకుంటారు?"

"తప్పు పక్కకు తిప్పితే అయిదుగురు పోతారండి."

"తప్పు పక్క ఏదో చెప్పు మరి."

అదే కదా నాకూ తెలియంది. ఆయన, "నడిపేది మీ అమ్మాయి. ఆ పిల్ల ఏది నమ్మితే అటు తిప్పుతుంది. సంఘం అడ్డురాదు. కానీ అరకొర మాట చెప్పి దాని బుర్ర పాడుచెయ్యకు" అన్నారు. ఆ చివరి మాట సబబే.

తరళ సాయంత్రం భోజనానికి వచ్చింది. వంకాయ కూర రెండోసారి వడ్డించుకుంది. నేనేం చెప్పలేదు. వాళ్ళ నాన్న నా వంక చూస్తూనే ఉన్నారు.

దిగడానికి ఆరు రోజులు

నిన్న ఏమీ రాయలేదు. రాయడానికి ఏముంది, నా తల తప్ప. అందరికీ చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది నా పని.

ఇవాళ మబ్బుపెట్టె దించాను. మేఘం మరీ కమ్మేసి పాఠానికి పనికిరాని ఫిల్ములన్నీ పాతవాళ్ళు అందులో పారేశారు. మేఘాన్ని నమ్మినప్పుడు పూర్తిగానే నమ్మాలి కదా. మూడు వందలకు పైగా ఉన్నాయి. నూట నలభై ఎన్నోదో ముక్క. సముద్రం మీద పెద్ద తుపాను, తెల్లగా సుడి తిరిగి ఉంది. ఫోటో మూల కాస్త నేల. ఆ నేలలో మట్టిరంగు ఒలికిన నది నోరు, పక్కన అదే ఇసుక కొక్కెం, దాని వెనక అవే నిలిచిన నీళ్ళు.

ముక్కను వెలుతురుకు పట్టాను. ఇటునుంచి చూస్తే సుడి ప్రదక్షిణంగా తిరుగుతోంది, కొక్కెం నోటికి ఎడమన ఉంది. తిప్పి చూస్తే సుడి అప్రదక్షిణం, కొక్కెం కుడిన. ముక్కను ఎలా పట్టుకున్నా ఆ రెండింటి జత విడిపోదు. అంటే సుడి ఎటు తిరిగిందో తెలిస్తే కొక్కెం ఎటుందో తెలిసినట్టే.

డెబ్బై ఏళ్ళనాటి సుడి ఎటు తిరిగిందో ఎవరిని అడగను?

దిగడానికి అయిదు రోజులు

పైడితల్లిని అడిగాను. ఇంతసేపు ఎందుకు తోచలేదో! పెద్దకిటికీ దగ్గర కూర్చుని భూమి మీద గాలివానలు చూసి చెప్పే ముసలమ్మ ఆవిడ. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. మా పటాల గదికి ఒక్కసారీ రాలేదు, నేనూ ఆవిడ కిటికీ దగ్గరికి పోలేదు. నేల చదివేవాళ్ళకు మబ్బు చూసేవాళ్ళంటే ఎప్పుడూ చిన్నచూపే, తప్పు మాదే.

"ఏటమ్మా పంతులమ్మా, తోవ తప్పినావా?" అంది.

"ధ్రువ నక్షత్రం ఉన్న వైపు సగంలో సుడులు ఎటు తిరుగుతాయమ్మా?" గోదావరి ఆ సగంలోనే ఉందని లెక్కల పుస్తకంలో ఉంది. అందులో మాత్రం ఎవరికీ పేచీ లేదు.

"అప్రదక్షిణం. రెండో సగంలో ప్రదక్షిణం."

"అన్నీనా?"

"ఇరవయ్యారేళ్ళు సూసినాను. పెద్ద సుడి ఒక్కటీ తప్పనేదు."

"మరి బూడిద రాకముందు?"

"బూడిద వచ్చిందని భూమి తిరగడం మానీసిందేటి? భూమి తిరగబట్టే అది తిరుగుతాది. నీ తాతలనాడూ అంతే."

నాకు ఇంకో అనుమానం. ఆవిడ తలకిందులుగా చూస్తోందేమో, చక్రం తిరుగుతుంటుంది కదా? పైడితల్లి నన్ను జాలిగా చూసి, తింటున్న పళ్ళెంలో పచ్చడితో సుడి గీసి, దాన్ని నేల మీద గుండ్రంగా తిప్పింది. పళ్ళెం ఎంత తిప్పినా సుడి వైపు మారలేదు. "తిప్పితే మారదు. బోర్లిస్తేనే మారతాది. మీవోళ్ళు బోర్లించినట్టున్నారు" అంది. ఆవిడకు నేను పటం మాటే చెప్పలేదు.

కిటికీలోంచి చూశాను. బూడిదరంగు మీద లేత తెలుపు సుడి ఒకటి మెల్లగా తిరుగుతోంది. అప్రదక్షిణం.

కుడి. కొక్కెం కుడిపక్కన ఉంది. మా ఊరు లేనే లేదు.

దిగడానికి నాలుగు రోజులు

తరళకు చెప్పాను. పటాలు, అద్దం, మబ్బుపెట్టె ముక్క, అన్నీ చూపించాను. అది చివరిదాకా విని లేచి నిలబడింది.

"మూడేళ్ళమ్మా. మూడేళ్ళు నువ్వే నేర్పావు."

"నేనే."

"ఇప్పుడు కాదంటున్నావు. ఇన్నాళ్ళూ చెప్పింది తప్పయితే ఇది మాత్రం ఒప్పని ఎలా నమ్మను?"

ఏడుపొచ్చింది. అది నన్ను ఓదార్చలేదు, నేనైనా ఓదార్చను. పైడితల్లి కిటికీ దగ్గరికి తనే వెళ్ళింది. రెండు గంటలు ఉంది. తిరిగొచ్చి, "నేను పన్నెండో ఏట ఎంచుకున్న ఊరు అద్దంలోదన్నమాట" అంది. తర్వాత "కుడి పటం పెట్టు, మొదలెడదాం" అంది.

మొదలెట్టాం. నది నోరు చూపించగానే చెయ్యి ఎడమకు పోయింది. పదిసార్లకు పదిసార్లూ పోయింది.

దిగడానికి ఒక రోజు

నాలుగు రోజుల్లో లెక్కలేనన్నిసార్లు. నెమ్మదిగా చూపిస్తే కుడికి తిప్పుతుంది. గబుక్కున చూపిస్తే ఎడమకే పోతుంది. నాకూ అంతే. గది తలుపు తెరవడానికి కూడా ఇప్పుడు ఏ చెయ్యో ఆలోచిస్తున్నాను.

వాయిదా వెయ్యమని సంఘాన్ని అడుగుదామన్నాను. తరళ ఒప్పుకోలేదు. మబ్బు మళ్ళీ మూసుకుంటే ఇంకెన్నేళ్ళో అంది.

దాని కుడి మణికట్టుకు వాళ్ళ నాన్న ఆకుకూర కట్టే పచ్చదారం కట్టారు. "ఆయ్, ఫిల్ము లేని ఊరండీ మాది, దారమైనా ఉండాలి" అన్నారు. తరళ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

దిగే రోజు

ఉదయం తొమ్మిదింటికి పడవ విడిపోయింది. రేడియో గదిలో సోమయాజులు గారు, మా ఆయన, నేను. తలుపు బయట ఎడమవాళ్ళు, కుడివాళ్ళు కలిసే నిలబడ్డారు, ఎవరు ఎవరో ఇవాళ పట్టించుకున్నట్టు లేదు.

మబ్బులోకి దిగాక రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. పదకొండు నిమిషాలు. తర్వాత గొంతు.

"బయటపడ్డాం. సముద్రం. అమ్మా, ఎంత పెద్దగా ఉందో. పటంలో ఇంత లేదు."

"నోరు చూడు" అన్నాను.

"అలలు... అన్నీ ఒకే రంగు... ఆగు. మట్టిరంగు. కనబడింది. నది నోరు కనబడింది."

ఇక్కడ చెప్పాల్సిన మాట నాకు తెలుసు. నాలుగు రోజులుగా అదే మాట. నోరు తెరిచాను, ఏ మాటో తెలియలేదు. ఎడమ అనే పదమే గొంతులో ఉంది. నలభై ఏళ్ళుగా అక్కడే ఉంది. తప్పు మాట వస్తుందని పళ్ళు బిగించాను.

"అమ్మా, చెయ్యి ఎడమకే లాగుతోంది. దారం కనబడట్లేదు, చేతి తొడుగు లోపల ఉండిపోయింది. అమ్మా, ఏ పక్కో చెప్పు."

మా ఆయన నా పక్కనే ఉన్నారు. ఆయన మొహం చూశాను.

"మీ నాన్న ఊరు పో తల్లీ" అన్నాను. "మీ నాన్న ఊరు."

అవతల పడవ పెద్దగా మూలిగిన చప్పుడు. సోమయాజులు గారు బల్ల అంచు పట్టుకున్నారు. నాకు ఒక్కటే ఆలోచన, నేను ఆ పళ్ళెం సరిగ్గా చూశానా, ఆ సుడి సరిగ్గా చూశానా, అప్రదక్షిణమంటే ఎటు. ఆ క్షణంలో అది కూడా మరిచిపోయాను. గాల్లో వేలితో గుండ్రంగా గీసుకుంటున్నానట, తర్వాత మా ఆయన చెప్పారు.

ఎంతసేపో తెలియదు. గడియారం వైపు చూసే ధైర్యం ఎవరికీ లేదు.

తర్వాత చప్పుడు. నీళ్ళ చప్పుడని సోమయాజులు గారన్నారు. ఆయనకెలా తెలుసు, ఆయనా ఎప్పుడూ వినలేదు. కొంచెం కొంచెంగా, ఏదో ఒడ్డును తడుతున్నట్టు.

"వాలాం" అంది తరళ. "నీళ్ళు కదలట్లేదమ్మా. అందరం బాగున్నాం. కొక్కెం మా వెనకాల ఉంది, దాని అవతల అలలు ఇంతెత్తు లేస్తున్నాయి." ఊపిరి పీల్చుకుంది. "నాన్నకు చెప్పు, వాళ్ళ ఊరు ఉంది."

మా ఆయన చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. నేనూ ఏడ్చాను. నా ఊరు పోయిందని ఏడ్చానో, నా పిల్ల బతికిందని ఏడ్చానో రాయడం కుదరదు, రెండూ ఒకేసారి వచ్చాయి.

పడవ మూత తెరిచిన చప్పుడు వినబడింది. పిలిచాను. రెండోసారి పిలిచాను.

"ఇక్కడే ఉన్నానమ్మా. పైకి చూస్తున్నా. బూడిద విడిపోయి ఒకచోట నీలంగా ఉంది. దాంట్లో ఒక్క మేఘం, తెల్లగా." దాని గొంతులో నవ్వు విన్నాను. "తీసెయ్యమంటావా పంతులమ్మా?"

"ఉండనీ తల్లీ" అన్నాను. "ముందు దాన్నే చదువు."